తుపాకీని కాపాడిన పనిముట్లు: మూసారాంబాగ్ నుంచి ఒక పరిశీలన

మెట్రో రైలులో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వైపు వచ్చేవారికి మలక్‌పేట, న్యూమార్కెట్ దాటగానే మూసారాంబాగ్ స్టేషన్ వస్తుంది. దాని తరువాతది దిల్‌సుఖ్‌నగర్. ఈ రైలు మార్గం 2018 సెప్టెంబరులో మొదలైంది. మూసారాంబాగ్ అన్న పేరు మాత్రం రెండు వందల ఏళ్లకు పైబడిన ఒక సైన్యం కథను మోస్తున్నది. 'మూసా రాం' అంటే మిషెల్ జోకిమ్ మరీ రేమండ్ అనే ఫ్రెంచి సైనికాధికారి. రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాన్ కొలువులో యూరపు పద్ధతి పదాతి దళాలను తయారుచేసినవాడు. ముస్లిములు ఆయనను మూసా రహీం అనీ, హిందువులు మూసా రాం అనీ పిలుచుకున్నారని వాడుక. 1798 మార్చి 25న ఆయన మరణించాడు. అస్మాన్‌గఢ్ దగ్గరి గుట్ట మీద ఆయన సమాధి, దాదాపు 7 మీటర్ల ఎత్తున్న రాతి స్తంభం, పక్కన స్తంభాల మంటపం నేటికీ ఉన్నాయి. ఆ మంటపం 2001 వానలకు కూలిపోతే తిరిగి నిలబెట్టారు.

రేమండ్ జీవితచరిత్ర ఈ పాఠంలో మన విషయం కాదు. ఆయన దళాలను ఆధారం చేసుకుని ఒక చిన్న ప్రశ్న వేసుకుందాం. వేల తుపాకులున్న సైన్యంలో ఆ తుపాకులను పేలే స్థితిలో ఉంచేది ఎవరు? ఏ పనిముట్లతో? ఆ పనిముట్లు ఎక్కడ ఉంటాయి, కార్ఖానాలోనా, సిపాయి సంచిలోనా? సైనిక చరిత్ర గ్రంథాలు ఫిరంగులు ఎవరు పోతపోశారో, యుద్ధం ఎవరు గెలిచారో వివరంగా చెబుతాయి. గొట్టంలో మసి తుడిచే నారను గురించి ఒక్క వాక్యం రాయవు. కాని ఆ నార లేని తుపాకీ నాలుగు రోజుల్లో ఇనుప కర్రతో సమానం.

మసి చేసే పని

పాతకాలపు తుపాకీ మందులో మూడు పదార్థాలు ఉంటాయి. సూరేకారం సుమారు 75 పాళ్లు, బొగ్గు 15 పాళ్లు, గంధకం 10 పాళ్లు. ఇది మండినప్పుడు అంతా వాయువుగా మారిపోదు. బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత పొగతో బయటికి పోతుంది, మిగిలింది గొట్టం లోపలి గోడకు పట్టుకుంటుంది. ఆ మసిలో పొటాషియం లవణాలు ఉంటాయి. అవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. వానాకాలంలో సాయంత్రం కాల్చిన తుపాకీని కడగకుండా పడుకుంటే తెల్లవారేసరికి గొట్టంలో తుప్పు మొదలవుతుంది.

మసి వల్ల మరో చిక్కు కూడా ఉంది. మూతి నుంచి గుండు వేసి దట్టించే తుపాకీలో, కాల్చేకొద్దీ గొట్టం ఇరుకవుతుంది. కాసేపటికి గుండు లోపలికి దిగదు. అందుకే గుండును కావాలనే గొట్టం కంటే చిన్నదిగా పోతపోసేవారు. ఈస్టిండియా కంపెనీ సిపాయిలు వాడిన తుపాకీ గొట్టం లోపలి వ్యాసం సుమారు 19 మిల్లీమీటర్లు, గుండు సుమారు 17.5 మిల్లీమీటర్లు. ఈ ఖాళీ వల్ల గుండు వదులుగా దొర్లుతూ బయటపడేది, గురి కుదిరేది కాదు. వంద గజాలు దాటితే ఒక మనిషిని గురిచూసి కొట్టడం అదృష్టం మీద ఆధారపడిన విషయం. సిపాయిలను వరుసల్లో నిలబెట్టి ఒకేసారి కాల్పించే యుద్ధ పద్ధతికి ఇది ఒక ముఖ్య కారణం. యుద్ధవ్యూహం వెనుక సేనాపతి తెలివి ఎంత ఉందో, మసి కూడా అంత ఉందని విద్యార్థులు గమనించాలి.

చెకుముకి తుపాకీలో మూడవ చిక్కు రంజకపు చిల్లు. గుర్రానికి బిగించిన చెకుముకి రాయి ఉక్కును కొడితే నిప్పురవ్వలు గిన్నెలోని రంజకం మీద పడతాయి. ఆ మంట సన్నని చిల్లు గుండా గొట్టంలోకి పోవాలి. చిల్లులో మసి పేరుకుంటే రంజకం భగ్గుమంటుంది, తుపాకీ మాత్రం పేలదు. రాయి కూడా ఇరవై ముప్పై దెబ్బలకు మొద్దుబారుతుంది. 1834లో ఇంగ్లండులోని వూల్విచ్‌లో ఒక పరీక్ష చేశారు. చెకుముకి తుపాకులు ఆరింటితో మొత్తం 6,000 సార్లు కాల్చితే 922 సార్లు పేలలేదు. కొత్తగా వచ్చిన టోపీ తుపాకులు ఆరింటితో అన్నే సార్లు కాల్చితే పేలనివి 36 మాత్రమే. సుమారు ఆరున్నర సార్లలో ఒకసారి మొరాయించే ఆయుధంతోనే 18వ శతాబ్దపు యుద్ధాలన్నీ జరిగాయి. ఆ లెక్క కూడా పరీక్షా మైదానంలో చూసినది. బురదలో, వానలో, భయంలో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఎద్దు తిప్పిన చక్రం

తుపాకీ శుభ్రత అన్న సమస్యకు మొగల్ కొలువు ఇచ్చిన జవాబు ఒకటి అబుల్ ఫజల్ 'ఐనీ అక్బరీ'లో కనిపిస్తుంది. అంతకుముందు బలమైన మనుషులు ఇనుప సాధనాలతో చాలాసేపు శ్రమపడి గొట్టాలను శుభ్రం చేసేవారట. అక్బరు కొలువులో ఒక చక్రం తయారుచేశారు. దాన్ని పశువు తిప్పుతుంటే పదహారు గొట్టాలు ఒకేసారి, కొద్ది సేపట్లో శుభ్రమవుతాయి. అబుల్ ఫజల్ ఈ ఘనతను చక్రవర్తికే కట్టబెట్టాడు. ఆస్థాన చరిత్రకారుడు అలాగే రాస్తాడు. కాని ఇటువంటి యంత్రాల వెనుక ఫతుల్లా షిరాజీ ఉన్నాడని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. షిరాజీ 1583లో బీజాపూరు నుంచి అక్బరు కొలువుకు వెళ్లిన పండితుడు. అంటే ఆ చక్రానికి దక్కనుతో కొంత సంబంధం ఉందనుకోవచ్చు.

ఆ యంత్రం గొప్పదే. కాని దాని స్వభావం గమనించండి. అది కదలదు. తుపాకీ దాని దగ్గరికి రావాలి. ఆయుధం రాజుది, అది ఉండేది రాజు ఆయుధాగారంలో, దాన్ని బాగుచేసేది కార్ఖానా పనివారు. దక్కనులోనూ సంస్థానాధీశుల దగ్గర, జాగీర్దారుల దగ్గర ఇదే ఏర్పాటు. కత్తులకు సాన పట్టి మెరుగు పెట్టే సికిలీగర్లు, గొట్టాలు సాగగొట్టే కమ్మరులు, తుపాకీ కర్రలు చెక్కే వడ్రంగులు కొలువును కనిపెట్టుకుని ఉండేవారు. కోటలో ఉన్నంతసేపు ఈ పద్ధతి చక్కగా నడుస్తుంది. సైన్యం రెండు వందల మైళ్లు నడిచి పొలాల్లో దిగినప్పుడు చక్రాన్నీ ఎద్దునూ వెంట తీసుకుపోలేరు. వెంట వచ్చిన కొద్దిమంది పనివారు వేల తుపాకులు చూడలేరు.

సిపాయి సంచిలోకి వచ్చిన కార్ఖానా

యూరపు సైన్యాలు 17, 18 శతాబ్దాల్లో ఈ పనిని ముక్కలుగా చేసి సిపాయికి పంచిపెట్టాయి. పెద్ద యంత్రాన్ని తయారుచేయడం కంటే ఇది కష్టమైన ఆలోచన. ఏ పనిముట్టు ఎంత చిన్నది కాగలదు, ఏది ఎక్కడ వేలాడాలి, ఏది ఎన్ని పనులు చేయాలి అని లెక్క వేసుకోవాలి. ఫలితంగా వచ్చిన సామాను చూడడానికి అతి సాధారణం.

మొదటిది దట్టించే కడ్డీ. అది ఎలాగూ తుపాకీ కిందనే ఉంటుంది. మొదట్లో కర్రది. 18వ శతాబ్దం మొదటి భాగంలో ప్రష్యా సైన్యం ఇనుప కడ్డీకి మారింది, మిగతావారు అనుసరించారు. విరగని కడ్డీ దొరికాక దాని కొనకు ఒక మర చెక్కి, పనిముట్లు బిగించే వీలు కల్పించారు. కందిరీగ కొండి లాగా మెలితిరిగిన రెండు ఇనుప తీగల పురిని దానికి బిగించి, జనపనార చుట్టి లోపలికి తిప్పితే మసి ఊడి వస్తుంది. అదే చోట కొన దేరిన మరను బిగిస్తే పేలకుండా లోపల ఇరుక్కున్న సీసపు గుండులోకి దిగి, దాన్ని బయటికి లాగుతుంది. మందు దట్టించడానికి పెట్టిన కడ్డీ ఇలా శుభ్రపరిచే కడ్డీ కూడా అయింది. కొత్త బరువు ఏమీ చేరలేదు.

రెండవది రంజకపు చిల్లు పొడిచే సూది, గిన్నె తుడిచే చిన్న కుంచె. ఈ రెండింటినీ సన్నని గొలుసుకు కట్టి సిపాయి ఛాతీ మీది పట్టీకి వేలాడదీసేవారు. ఎందుకక్కడ? యుద్ధం మధ్యలో సంచి విప్పి వెతుక్కునే వ్యవధి ఉండదు. చూడకుండా చెయ్యి పోయే చోట అవి ఉండాలి. పనిముట్టు రూపం ఎంత ముఖ్యమో అది ఉండే చోటూ అంతే ముఖ్యమని ఆనాటి ఆయుధ నిపుణులకు బాగా తెలుసు. వీటికి తోడు రాయి బిగించే స్క్రూడ్రైవరు, నూనె గుడ్డ, రెండు మూడు అదనపు చెకుముకి రాళ్లు. గొట్టం కడగడానికి వేడినీళ్లు చాలు. లవణాలు నీటిలో కరుగుతాయి. వేడినీళ్లయితే గొట్టం వేడెక్కి తొందరగా ఆరుతుంది. ఆ తరువాత నూనె.

అయితే అన్ని పనిముట్లూ అందరికీ ఇవ్వలేదు. 19వ శతాబ్దపు అమెరికా సైన్యం నిబంధనలు దీన్ని స్పష్టంగా చూపుతాయి. స్క్రూడ్రైవరు, తుడిచే పురి ప్రతి తుపాకీకి ఒకటి చొప్పున ఇచ్చారు. గుండు లాగే మర, స్ప్రింగును నొక్కిపట్టే పట్టుకారు మాత్రం పది తుపాకులకు ఒకటి. తుపాకీ తాళం భాగంలోని పెద్ద స్ప్రింగును విప్పాలంటే ఆ పట్టుకారు ఉండాలి. అంటే పట్టుకారు ఎవరి దగ్గర ఉందో వారికే తుపాకీ గుండె విప్పే అధికారం ఉంది. సిపాయి తన ఆయుధాన్ని కాపాడుకోవాలి, కాని దాని లోపలి మర్మం మీద పెత్తనం చేయకూడదు. ఈ రెండు కోరికల మధ్య ప్రతి సైన్యమూ ఒక గీత గీసింది. గీత ఎక్కడుందో పనిముట్ల జాబితా చూస్తే తెలిసిపోతుంది.

మరొక సంగతి. శుభ్రత ఎక్కువైనా ముప్పే. బ్రిటిషు సిపాయిలు కవాతులో మెరవడం కోసం గొట్టాలను ఇటుకపొడితో రుద్దేవారు. ఏళ్ల తరబడి రుద్దితే ఇనుము పలచబడేది. నెపోలియను యుద్ధాల చివరి రోజుల్లో గొట్టాలకు గోధుమరంగు పూత వేసే పద్ధతి తెచ్చాక ఈ పిచ్చి కొంత తగ్గింది.

రేమండ్ దళాలు, 1798

ఈ నేపథ్యంతో మూసారాంబాగ్ గుట్టకు తిరిగి వద్దాం. రేమండ్ 1755లో ఫ్రాన్సులో పుట్టి, 1775లో పుదుచ్చేరి చేరాడు. హైదర్ అలీ పక్షాన, తరువాత బుస్సీ కింద పనిచేసి, 1780ల మధ్యలో నిజాం కొలువులోకి వచ్చాడు. హైదరాబాదు గన్‌ఫౌండ్రీ ప్రాంతానికి ఆ పేరు ఆయన నెలకొల్పిన తోప్ కా సాంచా వల్లనే వచ్చింది. అక్కడ ఫిరంగులు పోతపోసేవారు. పదాతి దళాలకు తుపాకులు కూడా ఆయన కార్ఖానాల్లో తయారయ్యేవి. 1795 మార్చిలో మరాఠాలతో ఖర్దా దగ్గర జరిగిన యుద్ధంలో నిజాం ఓడిపోయినా రేమండ్ దళాలు నిలబడి పోరాడాయి. అదే సంవత్సరం నిజాం కుమారుడు ఆలీజా తిరుగుబాటు చేస్తే అణచింది కూడా ఈ దళాలే. ఆయన చనిపోయేనాటికి వాటి సంఖ్య సుమారు 14,000.

బ్రిటిషువారి భయం ఫిరంగులను చూసి మాత్రమే కాదు. ఫిరంగి నిజాం దగ్గర అంతకుముందూ ఉంది. ఫ్రెంచి పద్ధతిలో రోజూ కవాతు చేసి, రోజూ తుపాకీ తుడిచి, రోజూ తనిఖీకి నిలబడే సిపాయిలు, ఆ తుపాకీ పాడైతే హైదరాబాదులోనే మరొకటి చేసుకోగల కార్ఖానా, ఈ రెండూ ఒకే చేతిలో ఉండడం వారికి కొత్త. మద్రాసు నుంచో లండను నుంచో సరుకు రాకపోయినా నడవగల సైన్యం అది. ఆ రోజుల్లో దక్కనులో ఇటువంటిది అరుదు.

1798 సెప్టెంబరు 1న రెసిడెంటు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ నిజాంతో ఒప్పందం కుదిర్చాడు. దాని ప్రకారం కంపెనీ సిపాయిలు 6,000 మంది హైదరాబాదులో ఉంటారు, వారి ఖర్చుకు నిజాం ఏడాదికి 24,17,100 రూపాయలు చెల్లించాలి, ఫ్రెంచి దళాలను రద్దు చేయాలి. అక్టోబరులో కంపెనీ పటాలాలు చేరుకున్నాయి. జీతాల బకాయిల కోసం సిపాయిలు తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించారు. రేమండ్ తరువాత నాయకుడైన పిరోన్ నిలదొక్కుకోలేకపోయాడు. అక్టోబరు 22న కంపెనీ పటాలాలు శిబిరాన్ని చుట్టుముట్టాయి. పదివేలకు పైగా సిపాయిలు రక్తపాతం లేకుండా ఆయుధాలు కింద పెట్టారు. శిబిరంలోని ఫిరంగులు, సామగ్రి కంపెనీ పరమయ్యాయి. ఈ ఘటనలో రెసిడెంటుకు సహాయకుడిగా ఉన్న జాన్ మాల్కం తరువాతి కాలంలో పేరుపొందిన చరిత్రకారుడు అయ్యాడు.

తుపాకీ, దాన్ని చేసే కార్ఖానా, దాన్ని తుడిచే అలవాటు ఒకే ఒక్క రోజులో విడిపోయాయి. ఆ తరువాత నిజాం డబ్బు ఇచ్చాడు, సైన్యాన్ని కంపెనీ నడిపింది. ఆయుధాలు, విడిభాగాలు, నూనె, చివరికి తూటా చుట్టే కాగితం కూడా కంపెనీ గిడ్డంగి నుంచి రావలసిందే. కంటింజెంటు పేరుతో పెరిగిన మరొక సైన్యం నిర్వహణ బకాయిలకు 1853 మే నెలలో నిజాం బీరారు, రాయచూరు దోఆబు, ధారాశివ్ ప్రాంతాలను అప్పగించాడు. సైన్యాన్ని మరొకరు నిర్వహిస్తే దాని ఖర్చు ఎంత ఉంటుందో ఆ మూడు ప్రాంతాల పటం చెబుతుంది.

కొవ్వు రాసిన తూటా

1857 తిరుగుబాటు కారణాల్లో కొవ్వు తూటాల సంగతి పాఠశాల స్థాయిలోనే మీరు చదివారు. కాని ఆ కొవ్వు ఎందుకు రాశారన్న ప్రశ్న అక్కడ రాదు. జవాబు మనం మొదట చూసిన మసిలో ఉంది.

1853 నమూనా ఎన్‌ఫీల్డు తుపాకీ గొట్టం లోపల మెలిగాడులు ఉంటాయి. గుండు ఆ గాడులను పట్టుకుని గిరగిరా తిరుగుతూ పోతే గురి కుదురుతుంది. అందుకు గుండు గొట్టానికి దాదాపు సరిపోవాలి. పాత తుపాకీలో మసికోసం వదిలిన ఖాళీ ఇక్కడ లేదు. మరి మసి ఎక్కడికి పోవాలి? తూటా కాగితం అడుగు భాగానికి కొవ్వు పట్టిస్తే, గుండు సులువుగా దిగుతుంది, మసి గట్టిపడకుండా మెత్తగా ఉంటుంది, తరువాతి గుండు దాన్ని నెట్టుకుంటూ పోతుంది. అంటే ఆ కొవ్వు తూటాతో పాటే ప్రయాణించే శుభ్రపరిచే సాధనం. ప్రతి కాల్పుకూ గొట్టం కొంత తనంతట తానే సర్దుకుంటుంది. సాంకేతికంగా చూస్తే చాలా తెలివైన ఏర్పాటు.

ఆ ఏర్పాటు చేసినవారు గొట్టం గురించి ఆలోచించారు, కాగితాన్ని పంటితో చించే మనిషి గురించి ఆలోచించలేదు. కొవ్వు ఏ జంతువుది అన్న ప్రశ్న 1857 జనవరిలో డమ్‌డమ్‌లో లేచింది. ఆ నెలాఖరుకే ప్రభుత్వం దిగివచ్చి, కొవ్వు లేని తూటాలు ఇస్తాం, సిపాయిలు తేనెమైనం, నూనె వంటివి తామే కలిపి రాసుకోవచ్చు అన్నది. తరువాత పంటితో కాక వేళ్లతో చించవచ్చని కవాతు పద్ధతినే మార్చింది. అప్పటికి నమ్మకం పోయింది. తిరుగుబాటుకు భూమి, జీతం, రాజ్యాల విలీనం వంటి పెద్ద కారణాలు ఉన్నాయి. ఈ తూటాతోనే అంతా జరిగిందనడం సరికాదు. కాని తేనెమైనం, నూనె అన్న మార్గాన్ని మొదటి రోజే సిపాయిలకు వదిలి ఉంటే, కనీసం ఆ ఒక్క అనుమానానికి చోటుండేది కాదు. హైదరాబాదులో ఆ ఏడాది జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు కోఠీలోని రెసిడెన్సీ మీద దాడి చేశారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠీ బస్సులో వెళ్లేవారు రోజూ చూసే మహిళా విశ్వవిద్యాలయ ప్రాంగణమే ఆనాటి రెసిడెన్సీ.

పుల్‌త్రూ, చిందీ

తూటాను వెనుక నుంచి పెట్టే తుపాకులు వచ్చాక దట్టించే కడ్డీకి పని లేకపోయింది. పొగలేని మందు వచ్చాక మసి తగ్గింది. శుభ్రపరిచే సామాను మరింత చిన్నదైంది. 1899లో బ్రిటిషువారు లీ ఎన్‌ఫీల్డు తుపాకీ కింద ఉండే కడ్డీని తీసేశారు. ఆ స్థానంలో తుపాకీ మడమలో చిన్న గూడు, దానికి ఇత్తడి మూత, లోపల నూనె సీసా, పుల్‌త్రూ అనే తాడు చాలనుకున్నారు.

డిగ్రీలో ఉండగా ఎన్.సి.సి. శిబిరంలో నా చేతికి మొదటిసారి ఆ తాడు ఇచ్చినప్పుడు అది పనిముట్టులా కనిపించలేదు. ఒక కొనకు ఇత్తడి బరువు, రెండవ కొన వైపు మూడు ముడి కన్నాలు, అంతే. నిజానికి ప్రతిదానికీ లెక్క ఉంది. బరువును వెనుక నుంచి గొట్టంలోకి జారవిడిస్తే అది మూతి దగ్గర బయటికి వస్తుంది. ఒక కన్నంలో నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు గుడ్డ, మన శిబిరాల భాషలో చిందీ, పెట్టి ఒక్క ఊపున లాగాలి. ఇంకొక కన్నం ఇనుప జాలీ కోసం. జాలీ గీతలు పెడుతుంది గనుక పై అధికారి అనుమతి ఉంటేనే వాడాలి. మూడవ కన్నం, తాడు లోపల ఇరుక్కుంటే వెనక్కి లాగడానికి. పనిముట్టు తాను చెడిపోయే సందర్భాన్ని కూడా తనలోనే పెట్టుకుందన్నమాట. లాగడం అయ్యాక బొటనవేలి గోరును వెలుతురుకు పెట్టి, ఆ మెరుపులో గొట్టం లోపలికి చూసేవాళ్లం. దానికి అద్దం కూడా అక్కరలేదు.

పుల్‌త్రూకూ ఒక దోషం ఉంది. తాడును పక్కకు వంచి లాగితే మూతి అంచు ఒకే చోట అరుగుతుంది. అక్కడ గాడి పడితే ఆ తుపాకీ గురి శాశ్వతంగా పోయినట్టే. శుభ్రం చేసిన ప్రతిసారీ ఆయుధం కొంచెం పాడవుతుందన్న ఈ సమస్యకు సోవియట్ కలాష్నికోవ్ తుపాకీ 1949 నాటి నమూనాలో మంచి జవాబు ఉంది. దాని మడమలో ఉండే చిన్న ఉక్కు డబ్బాలోనే కుంచె, తుడిచే కొన, స్క్రూడ్రైవరు ఇమిడి ఉంటాయి. వాటిని బయటికి తీశాక డబ్బాయే కడ్డీకి పిడి అవుతుంది. డబ్బా మూతకు మధ్యలో చిల్లు ఉంటుంది. దాన్ని గొట్టం మూతికి తొడిగితే కడ్డీ సరిగ్గా మధ్యలోనే కదులుతుంది, అంచును తాకదు. సామాను పెట్టే డబ్బాకు అదనంగా రెండు పనులు అప్పజెప్పారు.

పనిముట్టు లేకపోతే ఏమవుతుందో అమెరికా సైన్యం వియత్నాంలో చూసింది. 1960ల మధ్యలో ఎం-16 తుపాకీ ఇచ్చినప్పుడు దానికి శుభ్రత పెద్దగా అక్కరలేదన్న ప్రచారం వ్యాపించింది. చాలామంది సైనికులకు శుభ్రపరిచే సామాను అందలేదు. ఈలోగా తూటాలోని మందు రకాన్ని మార్చారు, అది ఎక్కువ మసి వదిలింది. తూటా గదికి క్రోమియం పూత లేదు, తడి నేలలో తుప్పు పట్టింది. యుద్ధం మధ్యలో ఖాళీ తూటా లోపలే ఇరుక్కుపోయి, తుపాకీ చేతిలో ఉండగానే సైనికులు చనిపోయారు. 1967లో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం, రిచర్డ్ ఐకార్డ్ అధ్యక్షతన, దీనిపై విచారణ జరిపి సైన్యాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. క్రోమియం పూత వేశారు, శుభ్రపరిచే సామాను పంచారు, తరువాత మడమలో దానికి గూడు కూడా ఏర్పాటు చేశారు. 1968లో విల్ ఐస్నర్ అనే చిత్రకారుడితో తుపాకీ సంరక్షణ మీద బొమ్మల పుస్తకం వేయించి సైనికులకు ఇచ్చారు. ప్రపంచంలో అత్యంత ధనిక సైన్యం, మూరెడు కడ్డీ, కుంచె, సీసాడు నూనె సమయానికి పంపలేకపోయింది. రేమండ్ సిపాయిల ఛాతీ మీది గొలుసుకు వేలాడే సూదిని గురించి ఆలోచించినప్పుడు నాకు ఈ విచారణే గుర్తుకు వస్తుంది.

ఈ పాఠం చదివిన విద్యార్థులు వీలైతే దారుల్‌షిఫాలోని సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదికి వెళ్లండి. తుపాకుల పిడుల మీది వెండి నగిషీని చూసి ముందుకు సాగిపోకండి. గొట్టం కింద కడ్డీ ఉందా, అది కర్రదా, ఇనుముదా, దాని కొనకు మర చెక్కి ఉందా, రంజకపు చిల్లు అరిగి వెడల్పయిందా, మూతి అంచు గుండ్రంగానే ఉందా, ఒక పక్కకు అరిగిందా అని పరిశీలించి రాసుకోండి. ఆ అరుగుదల రేమండ్ వంటివారి పేర్లు లేని మనుషుల చేతిపని.